మాసాయి మారాలో మగసింహాన్ని దాని గుంపుతో కలిపి చూడాలంటే ఏం చేయాలి?

మీరు అడిగింది ఒకసారి క్లుప్తంగా చెప్పుకుంటాను, తర్వాత చదివేవాళ్లకి పనికొస్తుంది. ఆగస్టులో భార్యాపిల్లలతో కెన్యాలోని మాసాయి మారా రిజర్వ్‌కి వెళ్తున్నారు, మూడు రాత్రులు. జూలున్న మగసింహాన్ని ఒంటరిగా కాకుండా ఆడసింహాలు, పిల్లల మధ్య చూడాలని కోరిక. గిర్ వెళ్లినప్పుడు మగవి ఒకచోట, ఆడవి ఇంకోచోట కనిపించాయి. నిరుడు మారా వెళ్లొచ్చిన మీ స్నేహితుడేమో "మగసింహం మూడు రోజులూ పడుకునే ఉంది, పనంతా ఆడవాటిదే" అని తేల్చేశారు. అది నిజమా, ఎక్కడ ఎంతసేపు ఆగాలి, కంటి మీద గాటుతో ఫోటోల్లో కనిపించే స్కార్‌ఫేస్ అనే మగసింహాన్ని చూడొచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

చూడగలరు. ఆగస్టులో మూడు రాత్రులు సరిపోతాయి కూడా. కాకపోతే మగసింహాన్ని వెతుక్కుంటూ తిరగకండి. పిల్లలున్న ఆడసింహాల గుంపును దొరకబుచ్చుకుని అక్కడే ఆగండి. పొద్దున ఆరింటికి గేటు తెరిచిన దగ్గర్నుంచి తొమ్మిది, తొమ్మిదిన్నర దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి గేటు మూసే వేళ దాకా. ఎక్కువసార్లు మగది అక్కడికి రెండు మూడు వందల మీటర్ల దూరంలోనే గడ్డిలో ఉంటుంది, మన కంటికి ఆనదంతే. లేనప్పుడు ఎక్కడికి వెళ్లిందో ఊహించే వీలుంది, అది కింద రాస్తాను. ఇంకో మాట. ఆ మూడు రాత్రుల్లోకే అంబోసెలీ, నకూరు పార్కులు కూడా ఇరికిస్తామని ఏజెంట్లు అంటారు. ఒప్పుకోకండి. రోడ్డు మీదే సగం సెలవు పోతుంది.

నేను గైడ్‌ని కాదు, పరిశోధకుణ్ణీ కాదు. నైరోబీలో ఉద్యోగం, సెలవు దొరికితే మారా, ఏళ్లుగా ఇదే వ్యసనం. ఒకే గుంపును మళ్లీ మళ్లీ చూడటం వల్ల తెలిసినవే ఇక్కడ రాస్తున్నాను.

ముందు గిర్ సంగతి. మీరు అక్కడ చూసింది సరైనదే. ఆసియా సింహాల్లో మగవి తమ జట్టుగా తాము తిరుగుతాయి, జతకట్టేటప్పుడో పెద్ద వేట దగ్గరో మాత్రమే ఆడవాటితో కనిపిస్తాయి. మారాలో, దాన్ని ఆనుకుని టాంజానియా వైపున్న సెరెంగెటిలో వ్యవహారం వేరు. అక్కడ ప్రైడ్, అంటే సింహాల గుంపు, ప్రధానంగా ఆడసింహాలదే. తల్లులు, కూతుళ్లు, పెద్దమ్మలు, పిన్నమ్మలు. ఇలాకా తరతరాలుగా వాళ్లది. మగవి ఎవరూ పిలవకుండా వచ్చి కూర్చున్న ఇల్లరికపు అల్లుళ్లు. రెండు, మూడు, అరుదుగా ఆరేడు మగసింహాలు జట్టుగా వచ్చి పాతవాటిని తరిమేసి కాపురం పెడతాయి. సగటున రెండు మూడేళ్లకు ఇంకో జట్టు వచ్చి వాటిని తరుముతుంది. ఆడపిల్లలు చాలావరకు పుట్టిన గుంపులోనే ఉండిపోతాయి. మగపిల్లలు మాత్రం రెండు మూడేళ్ల వయసులో బయటికి నడవాల్సిందే.

ఇది తెలిస్తే మగది ఎందుకు కనిపించట్లేదో సగం అర్థమవుతుంది. ఆ ఇలాకాని ఇంకో జట్టు లాక్కోకుండా చూసుకోవడమే దాని అసలు పని. ఆ పని ఎక్కువగా రాత్రిపూట జరుగుతుంది. హద్దుల వెంట నడవడం, పొదల మీద మూత్రం చిమ్మడం, వెనక కాళ్లతో నేల గీకడం, గర్జించడం. దానికి తోడు బలమైన జట్టు ఒకేసారి రెండు ప్రైడ్‌లను ఏలుతుంటుంది. మీరు ఈ గుంపు దగ్గర కూర్చుంటే అది ఆ గుంపు దగ్గర ఉండొచ్చు. ప్రైడ్ కూడా మొత్తం ఒక్కచోట ఉండదు. ఇరవై ఉన్న గుంపులో ఒకచోట ఐదు, వాగు అవతల ఏడు, పిల్లతల్లి ఒకతి విడిగా ఎక్కడో. "ఇక్కడ మగది లేదు, పదండి" అని బండి తిప్పేసేవాళ్లు ఈ లెక్క వేసుకోరు.

పడుకునే ఉంటుందన్న మాట నిజమే, కానీ అది మగదానికి మాత్రమే వర్తించదు. సింహాలు, ఆడైనా మగైనా, రోజులో ఇరవై గంటల దాకా కదలకుండా ఉంటాయి. టూరిస్టులు బండ్లలో తిరిగేదేమో సరిగ్గా అవి పడుకునే వేళ. పదిన్నరకి బయల్దేరి మూడింటికి తిరిగొచ్చిన వాళ్లకి నిద్ర తప్ప ఇంకేం కనిపిస్తుంది?

వేటంతా ఆడవాటిదే అన్నది కూడా సగం మాట. సెరెంగెటి లాంటి ఖాళీ మైదానంలో పగటిపూట, తెల్లవారుజామున మనకు కనిపించే వేటల్లో ఆడవే ముందుంటాయి, గుంపుగా చుట్టుముడతాయి. గడ్డి, పొదలు గుబురుగా ఉన్నచోట మగవి పొంచి ఉండి ఒంటరిగా కొడతాయి. దక్షిణాఫ్రికాలోని క్రూగర్‌లో సింహాలకు జీపీఎస్ కాలర్లు కట్టి, విమానం నుంచి లేజర్‌తో పొదల సాంద్రత కొలిచి 2013లో అచ్చువేసిన పరిశోధన తేల్చింది ఇదే. అడవి బర్రెల్లాంటి భారీ జంతువుల దగ్గర మగదాని బరువు కూడా పనికొస్తుంది. ఆడసింహం కంటే అది ఒకటిన్నర రెట్లు ఉంటుంది మరి. అంబోసెలీలో ఏనుగులకు స్పీకర్లలో గర్జనలు వినిపించి చూస్తే, వయసు మళ్లిన ఏనుగమ్మలు మగసింహం గొంతును విడిగా గుర్తుపట్టి ఎక్కువ జాగ్రత్తపడ్డాయి. తన పిల్లల మీద పడేది ఎవరో ఆ పెద్దమ్మకి మనకంటే బాగా తెలుసు.

ఇక వెతకడం దగ్గరికి వద్దాం.

మొదటి ఆధారం చెవులు. రాత్రి టెంటులో పడుకున్నప్పుడు, తెల్లవారుజామున నాలుగైదు మధ్య, గర్జన ఏ దిక్కు నుంచి వచ్చిందో గుర్తుపెట్టుకోండి. నిశ్శబ్దంగా ఉన్న రాత్రి ఎనిమిది కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది కాబట్టి దూరం నమ్మకండి, దిక్కు నమ్మండి. పొద్దున డ్రైవర్‌కి చెప్పండి, ఆయన కూడా విని ఉంటాడు. గర్జించింది మగదైతే అది దాదాపుగా ఆ ఇలాకా యజమానే. ఇల్లూ వాకిలీ లేని దేశదిమ్మరి మగసింహాలు సాధారణంగా నోరు మెదపవు, మెదిపితే అక్కడి జట్టు వచ్చి పడుతుంది. ఆడసింహాలు కూడా ఈ గర్జనలు లెక్కపెడతాయి. 1990లలో సెరెంగెటిలో పరాయి ఆడసింహాల గర్జనలు రికార్డు చేసి వినిపించారు. ఒక గొంతు వినిపిస్తే ధైర్యంగా ముందుకొచ్చాయి, మూడు గొంతులు వినిపిస్తే తమవాళ్లెంతమంది ఉన్నారో చూసుకుని ఆలోచించాయి.

రెండోది, మిగతా జంతువుల చూపు. జిరాఫీలన్నీ మేత ఆపేసి ఒకేవైపు తదేకంగా చూస్తున్నాయంటే ఆ వైపు వెళ్లండి. చెదపుట్ట ఎక్కి నిలబడి బుసకొట్టే టోపి జింక మారాలో మంచి కాపలాదారు. రాబందులు గాల్లో తిరుగుతుంటే పట్టించుకోనక్కర్లేదు. వరసగా కిందికి దిగుతుంటే వెళ్లాలి. నేలకు దిగకుండా చుట్టుపక్కల చెట్లెక్కి కూర్చున్నాయంటే ఇంకా మంచిది, కళేబరం దగ్గర ఎవరో పెద్దవాళ్లు ఇంకా లేవలేదన్నమాట. హైనాలు కిచకిచలాడుతూ గొడవపడుతుంటే అక్కడ మగసింహం ప్రత్యక్షమయ్యే అవకాశం ఉంది. వాటి వేట లాక్కోవడానికి పరుగెత్తుకొస్తుంది. హైనాలే సింహాల ఎంగిలి తింటాయని మనం అనుకుంటాం గానీ ఈ మైదానాల్లో అవి వాటంతటవే బాగా వేటాడతాయి.

ఆగస్టులో మీకు కలిసొచ్చేది గడ్డి. సెరెంగెటి నుంచి వైల్డ్‌బీస్ట్‌లు (మందలుగా తిరిగే పెద్ద జింక జాతి), జీబ్రాలు జులై నుంచి అక్టోబరు దాకా మారాలో ఉంటాయి, గడ్డి మేసి పొట్టిచేసేస్తాయి. ఏప్రిల్, మే వానల తర్వాత నడుములోతు గడ్డిలో పదడుగుల దూరంలో ఉన్న సింహం కూడా కనపడదు. అదీగాక తిండి పుష్కలంగా ఉన్న నెలలు కాబట్టి గుంపులు కలిసి కనిపిస్తాయి. కష్టం జనంతోనే. ఆడసింహం చెవి కదిలిందంటే పదిహేను బండ్లు. ఒక జంతువు దగ్గర ఐదు బండ్లకు మించకూడదని నియమం ఉంది. నది దాటే చోట్ల, సింహాల దగ్గర దాన్ని ఎంతమంది పాటిస్తారో మీరే చూస్తారు. విదేశీయులకు రిజర్వ్ ప్రవేశ రుసుము జులై నుంచి డిసెంబరు దాకా పెద్దలకు రోజుకు 200 డాలర్లు, మిగతా ఆర్నెల్లు 100. అది 12 గంటలకే చెల్లుతుంది.

డబ్బు కాస్త ఎక్కువైనా పర్లేదనుకుంటే రెండు రాత్రులు రిజర్వ్‌ని ఆనుకుని ఉన్న కన్సర్వెన్సీల్లో ఉండమంటాను. నబోయిషో, ఒలారే మొటొరొగి, మారా నార్త్ లాంటివి. మాసాయి కుటుంబాలు తమ భూములు కౌలుకిచ్చి నడిపేవి ఇవి. అక్కడ బస చేసినవాళ్లకే ప్రవేశం కాబట్టి బండ్లు తక్కువ, రోడ్డు దిగి వెళ్లొచ్చు, రాత్రి సఫారీ ఉంటుంది. రిజర్వ్ లోపల రోడ్డు దిగడం నిషేధం, రాత్రి తిరగడమూ కుదరదు. మగసింహం పని చేసేదే చీకటి పడ్డాక కదా, ఆ ఒక్క కారణానికి నేను కన్సర్వెన్సీకే ఓటేస్తాను. రిజర్వ్‌లోనే ఉంటే ముసియారా చిత్తడి చుట్టుపక్కల, లేదా నదికి పడమటనున్న మారా ట్రయాంగిల్.

గుంపు దొరికింది, బండి ఆపారు. ఇంజిన్ కట్టేయించండి. ఇప్పుడు ఏం చూడాలి?

మగది వచ్చినప్పుడు ఆడవి లేచి ఎదురెళ్లి తలకు తల, చెంపకు చెంప రుద్దుతాయా లేదా చూడండి. రుద్దితే ఇంటివాడు. పళ్లు చూపించి, చెవులు వెనక్కి వాల్చి, పిల్లల్ని వెనక్కి నెట్టుకుంటే కొత్తవాడు. పిల్లలు తోక పట్టుకు లాగుతాయి, జూలులోకి దూరతాయి, మగది కాసేపు భరించి ఒక్క గుర్రు పెడుతుంది, అన్నీ వెనక్కి దొర్లుతాయి. మగది ఆడసింహం మూత్రం వాసన చూసి మూతి పైకెత్తి పళ్లు బయటపెట్టి వింతగా మొహం పెట్టిందంటే కోపం కాదు. ఆమె జతకు సిద్ధంగా ఉందా అని ఆ వాసనను నోటి పైభాగంలో ఉండే అవయవంతో పసిగడుతోంది.

కళేబరం దగ్గర మగది అందరినీ తోసేసి తింటుంది. అది చూడటానికి బాగుండదు, నిజమే. కానీ అలాంటి చోట నేను పదేపదే గమనించింది ఇంకొకటుంది. అడవి బర్రె మీద పడుకున్న మగసింహం ఆడసింహాల్ని దగ్గరకు రానివ్వదు, చిన్నపిల్లలు పక్కనుంచి దూరి తింటుంటే మాత్రం ఊరుకుంటుంది. సెరెంగెటి సింహాల మీద 1966లో పరిశోధన మొదలుపెట్టిన జార్జ్ షాలర్ కూడా ఇది గమనించి రాశారు. ఆకలిగా ఉన్న తల్లి పిల్లల్ని కొట్టి తరిమిన సందర్భాలు నేను చూశాను, అదే సమయంలో తండ్రి తన వాటాలోంచి తినిచ్చింది. మంచి తండ్రి, చెడ్డ తల్లి అని తీర్పు చెప్పేయకండి, రేపు ఇంకో కళేబరం దగ్గర ఇదంతా తారుమారు కావచ్చు.

వయసు కావాలంటే ముక్కు చూడండి. చిన్నప్పుడు గులాబీ రంగు, ఏళ్లు గడిచేకొద్దీ నల్ల మచ్చలు పెరుగుతాయి. సగానికి పైగా నలుపైతే ఐదారేళ్లు నిండిన పెద్దది. జూలు రెండేళ్లకు నెత్తిమీద కుచ్చులా లేచి, నాలుగైదేళ్లకు నిండుతుంది. నల్ల జూలుకు లెక్క ఉంది. 2002లో సెరెంగెటి పరిశోధకులు వేర్వేరు జూలుల బొమ్మ సింహాల్ని మైదానంలో నిలబెట్టి చూశారు. ఆడసింహాలు నల్ల జూలున్న బొమ్మ వైపు మొగ్గాయి, మగవి పొడుగు జూలున్న బొమ్మకు దూరంగా తప్పుకున్నాయి. నల్లజూలు వేడిని ఎక్కువ పట్టుకుంటుంది కాబట్టి దాన్ని మోయడం బలమున్నవాడికే చెల్లుతుంది. అన్నిచోట్లా ఇదే కొలత కాదు, కెన్యాలోనే ఉన్న త్సావోలో ఇలాకా ఉన్న మగసింహాలకే జూలు ఉండీ లేనట్టుంటుంది.

ఒక్కో సింహాన్ని గుర్తుపట్టాలంటే మీసాల దగ్గరి చుక్కలు. మీసాల వరసలకు పైన విడిగా ఒకటో రెండో మూడో చుక్కలుంటాయి, కింది వరసతో పోల్చి అవి ఎక్కడున్నాయో రాసుకుంటే అది జీవితాంతం మారదు. గాట్లు, చెవి చిరుగులు కొత్తవి చేరుతూనే ఉంటాయి, అందుకని వాటి మీద ఆధారపడకండి. రెండు చెంపలూ పక్కనుంచి ఫోటో తీయమని మీ పెద్దబ్బాయికి పని అప్పజెప్పండి, వాడికి విసుగు రాదు.

ఒక జంట గుంపుకు దూరంగా విడిగా పడుకుని ఉంటే వదలకండి. అది జతకాలం. మూడు నాలుగు రోజులు, పగలూ రాత్రీ, ఇరవై ముప్పై నిమిషాలకోసారి. ప్రతిసారీ నిమిషం కూడా పట్టదు, చివర్లో ఆడది వెనక్కి తిరిగి పంజా విసురుతుంది. "పడుకునే ఉంది" అని మీ స్నేహితుడు చెప్పినది ఇదే అయ్యుండొచ్చు, అరగంట ఆగి ఉంటే తెలిసేది. పిల్లలు ప్రశ్నలడుగుతారు, జవాబులు మీరే చూసుకోండి.

పిల్లలతో వెళ్తున్నారు కాబట్టి ఇంకోటి ముందే చెప్పాలి. కొత్త మగ జట్టు వచ్చి కొన్ని వారాలే అయిన గుంపు దగ్గర వాతావరణం వేరుగా ఉంటుంది. కొత్తవి పాత తండ్రుల చంటిపిల్లల్ని చంపేస్తాయి. పిల్లలున్నంతకాలం, అంటే దాదాపు రెండేళ్లు, తల్లి మళ్లీ ఎదకు రాదు. చేతిలో ఉన్న మొత్తం సమయమే రెండు మూడేళ్లయిన మగదానికి అంత ఓపిక ఉండదు. నేనొకసారి అలాంటి గుంపును వరసగా కొన్ని రోజులు చూశాను. పిల్లలున్న రెండు తల్లులు వాగు లోతుల్లోంచి బయటికే రాలేదు, మిగతా ఆడవి కొత్తవాళ్ల మధ్యలోకి వెళ్లి కాలయాపన చేస్తున్నట్టు తిరిగేవి. పెద్ద పిల్లలున్న తల్లులు వాటిని తీసుకుని ఇలాకా వదిలి అంచుల వెంట నెలల తరబడి తిరుగుతాయి. ఎదిరించి పోరాడి చచ్చిపోయినవీ ఉంటాయి. మీ డ్రైవర్ "ఇక్కడ కొత్త మగవాళ్లొచ్చారు" అంటే, చిన్నపిల్లలకి చూపించాలా వద్దా అన్నది ఆలోచించుకుని వెళ్లండి.

స్కార్‌ఫేస్ లేదండి. 2021 జూన్‌లో, పద్నాలుగేళ్ల వయసులో, ముసలితనంతో మారాలోనే చనిపోయింది. నాలుగు మగసింహాల జట్టులో అదొకటి, అంతకాలం బతికింది కూడా జట్టు వల్లే. అడవిలో మగసింహానికి పన్నెండేళ్లంటేనే ఎక్కువ, తోడులేని మగది ప్రైడ్‌ని నిలబెట్టుకోవడమే కష్టం. ముసలితనంతో పోవడం అదృష్టమనే చెప్పాలి. 2023 మేలో అంబోసెలీ దగ్గర లూన్‌కీటో అనే 19 ఏళ్ల ముసలి సింహం ఆకలికి ఒక పశువుల దొడ్లో దూరితే కాపరులు చంపేశారు. ఆ ఒక్క వారంలోనే ఆ ప్రాంతంలో పది సింహాలు పోయాయి. అక్కడి కాపరిది తప్పని నేననను. వాళ్ల ఆవు మనకి కథలో ఆవు, వాళ్లకి బ్యాంకు ఖాతా. పరిహారం పథకాలు నడిచినచోట ఈ చంపడాలు తగ్గాయి, అది మాత్రం చెప్పగలను.

జాగ్రత్తలు రెండే రాస్తాను. బండిలో ఉన్నంతసేపు సింహం మనల్ని బండిలో భాగంగానే చూస్తుంది. చేయి బయటికి చాపినా, పైకప్పు మీదికెక్కినా, దిగినా ఆ లెక్క మారిపోతుంది. తోక కొస విసురుగా కొడుతూ, చెవులు అణచి గుర్రుమంటే కెమెరా పక్కనపెట్టి బండి వెనక్కి తీయించండి. పిల్లతల్లికీ పిల్లలకీ మధ్యలో బండి ఎప్పుడూ పెట్టనివ్వకండి, డ్రైవర్ టిప్పు కోసం పెడతానన్నా సరే. టిప్పు గురించి మొదటి రోజే చెప్పేయండి: "ఐదు జంతువులు టిక్కు పెట్టక్కర్లేదు, ఒక్క గుంపు దగ్గర కూర్చుంటే చాలు, టిప్పు తగ్గదు." తిరుగుతూనే ఉండకపోతే టూరిస్టులు విసుక్కుంటారని వాళ్ల భయం. స్వాహిలిలో "తుసుబిరి హపా", ఇక్కడే ఆగుదాం, అన్నారంటే నవ్వి ఇంజిన్ ఆపేస్తాడు.

కెమెరాకి 100–400 మి.మీ. లెన్స్ చాలు, స్టాండు వద్దు, కిటికీ మీద పెట్టుకోవడానికి బియ్యమో బీన్సో నింపిన సంచీ చాలు. ఆగస్టు పొద్దున చలి గట్టిగా ఉంటుంది, మారా సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైనే ఉంది కదా, పిల్లలకి స్వెటర్లు పెట్టండి. యెల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ లేకపోతే తిరిగొచ్చాక మన విమానాశ్రయంలో క్వారంటైన్ అంటారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి.

మీ క్యాంపు ఏ గేటు వైపో రాయండి. సెకనానీ, తలెక్ వైపా, నది అవతల ఒలోలోలో వైపా అన్నదాన్ని బట్టి మొదటి సాయంత్రం ఎటు వెళ్లడం మంచిదో చెప్తాను.